కొప్పులో చిక్కిన తేనెటీగ

పాము కరిచిందనే తెచ్చారు ఆమెను.

మణుగూరుకు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న రోజులవి. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయి ఉంటుంది. వానలు వెనకబట్టి, గడ్డి మోకాలెత్తు పెరిగి ఉండే కాలం. ఆ కాలంలో చేను గట్టున పడిపోయిన మనిషిని ఎవరైనా మోసుకొస్తే మాకు పాము తప్ప మరో మాట తోచేది కాదు. తెచ్చేవాళ్ళకూ తోచేది కాదు.

ఇప్పుడు నేను రిటైరై ఖమ్మం ఊరంచున ఖానాపురం హవేలిలో ఉంటున్నాను. ఈ వీధిలో నర్సింగు చదివే అమ్మాయిలు కొందరు అద్దెకుంటారు. పరీక్షలప్పుడు పుస్తకాలు పట్టుకుని వచ్చి, చదువు ఒక పక్కన పెట్టి, కథలు చెప్పమంటారు. పెద్ద ఆపరేషన్లు, బస్సు ప్రమాదాలు వినాలని వాళ్ళ కోరిక. నేను మాత్రం ఈ కేసే చెబుతాను. ఇందులో దవాఖానాలో జరిగింది సగమే. మిగతా సగం ఒక మామిడి తోటలో జరిగింది. మన ఉద్యోగంలో ఆ రెండో సగం చూసే అవకాశం చాలా అరుదుగా వస్తుంది. మనిషిని బతికించి పంపుతాం, ఆ బతుకు తర్వాత ఎటు పోయిందో మనకు తెలియదు. ఈమెది నాకు తెలిసింది.

జీపు వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టి తెచ్చారు. ముప్పై ఏళ్ళ మనిషి. చేతికి మోచేతి పైన తువ్వాల బిగించి కట్టారు. తల ఒళ్ళో పెట్టుకుని ఆమె అత్త, కాళ్ళు పట్టుకుని భర్త. అత్త దిగుతూనే అరిచింది.

"జల్దీ చూడుండ్రి సిస్టరమ్మా! తోటల పడిపోయింది. పాము ముట్టింది."

"పామును చూసినవా అమ్మా?" అని అడిగాడు డాక్టరు.

అత్త నోరు తెరిచేలోపే జీపు డ్రైవరు అందుకున్నాడు. "నాగుపామంట సారూ. ఇంత పొడుగుంటదంట."

నిజానికి పామును ఎవరూ చూడలేదు. గడ్డిలో పడి ఉన్న మనిషిని చూసి అత్త అనుకున్న మాట అది. తోట నుంచి రోడ్డుకు వచ్చేసరికి అది ఖాయమైంది, రోడ్డు నుంచి మా గేటుకు వచ్చేసరికి పడగ కూడా విప్పింది.

మా డాక్టరు ఖమ్మం బజారులో అత్తరు దుకాణం నడిపే ముస్లిం కుటుంబం నుంచి వచ్చిన కుర్రవాడు. అది ఆయనకు మొదటి పోస్టింగు. గొంతు పెంచి మాట్లాడటం ఎరగడు. ఎంత హడావుడిలోనైనా "సిస్టర్, కొంచెం ఇటు చూస్తారా" అనే అనేవాడు. పక్కన మా ఫార్మసిస్టు, రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, పాము మాట చెవిన పడగానే విరుగుడు మందు సీసాలు తెచ్చి కలపడం మొదలుపెట్టేశాడు. నేను సెలైను కోసం నరం వెతుకుతున్నాను. చెయ్యి చల్లగా ఉంది. నాడి దొరకడం లేదు. బీపీ యంత్రం గాలి తీస్తుంటే ఏ శబ్దమూ లేదు. ఊపిరి మాత్రం గొంతులో ఈల వేసినట్టు వస్తోంది.

డాక్టరు పాదాలు, పిక్కలు, చేతులు వెతికాడు. కాటు గుర్తులు లేవు. మళ్ళీ వెతికాడు. కాటు కనపడకపోయినా పాము కరిచి ఉండొచ్చు, అలాంటి కేసులు చూశాం. అందుకే ఎవరి పని వాళ్ళం చేసుకుపోతున్నాం.

ఊపిరి ఆడటం లేదని మా ఆయమ్మ ఆమె రవిక వదులు చేసి, తల కింద గట్టిగా ఒత్తుకుంటోందని కొప్పు విప్పింది. విప్పిన జుట్టులోంచి ఏదో రాలి తెల్లటి దుప్పటి మీద పడింది.

"ఇదేందమ్మా, ఈగ!" అంది ఆయమ్మ, చెంగుతో దులపబోతూ.

"ఆగు, దులపకు" అన్నాడు డాక్టరు. చచ్చిపోయిన తేనెటీగ. ఆయన అత్త వైపు తిరిగాడు. "అమ్మా, తోటలో తేనెపట్టు ఏమన్నా ఉందా?"

"పట్టు ఏంది సారూ, పెట్టెలే ఉన్నయ్. దీనియే. పొద్దుగాల మూత తీసి సూస్తాంటే నేను ఇంట్లకు పోయిన" అంది అత్త. ఆ మాట అంటూ అంటూనే ఆమెకే తెలిసొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు ఆమె మెడ పక్కకు తిప్పాడు. చెవి వెనక చిన్న ముల్లు, చుట్టూ ఎర్రగా పొంగిన చర్మం. పొట్ట మీద, వీపు మీద ఎత్తుగా దద్దుర్లు. పెదవులు, కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. మేము వాటిని చూడకపోలేదు. చూసి, పాము విషం ఎక్కుతోందనుకున్నాం.

"విరుగుడు పక్కన పెట్టండి, ఇది తేనెటీగ విషం ఒంటికి పడకపోవడం. ఆ కట్టు విప్పెయ్యండి. సిస్టర్, అడ్రినలిన్."

తొడ కండలో ఇచ్చాను. కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తాం. సెలైను ధారగా వదిలాం. కాసేపు చూసి, మళ్ళీ ఒకసారి ఇమ్మన్నాడు.  ఆమె ఊపిరి ఈల తగ్గుతూ వస్తుంటే అందరం దాన్నే వింటూ నిలబడ్డాం. నా వేళ్ళ కింద నాడి దారంలాగా తగిలింది, పోయింది, మళ్ళీ తగిలింది. ఈసారి పోలేదు.

కళ్ళు తెరిచాక ఆమె మొదట చూసింది భర్తను. నోరు ఆరిపోయి ఉంది. ఏదో అంటోంది. అతను వంగి చెవి దగ్గర పెట్టాడు.

"పెట్టె మూత పెట్టిన్రా?" అంది.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఆ మనిషి ఒక్కసారిగా మండిపడ్డాడు. "పెట్టెలకు అగ్గి పెడ్త! నువ్వు ఇంటికైతే రా ముందు!" అంటూ బయటికి పోయి, వరండాలో కూర్చుని మళ్ళీ ఏడ్చాడు. 

రెండు రోజులు కనిపెట్టి చూడాలని ఆమెను భద్రాచలం పంపాం. జీపు కదిలాక ఫార్మసిస్టు కలిపిన సీసా చేతిలో పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఇదిచ్చి ఉంటే ఏమయ్యేదో సార్" అన్నాడు. "ఇవ్వలేదు కదా" అన్నాడు డాక్టరు. అంతే. ఆ మాటకు మించి ఎవరినీ ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి మా కేంద్రంలో ఒక అలవాటు మొదలైంది. రోగిని తెచ్చినవాళ్ళు ఏం చెప్పినా, "మీరు కళ్ళతో చూసింది ఏంది?" అని విడిగా అడిగేవాళ్ళం. పిల్లలూ, ఈ కథలో మీ పరీక్షకు పనికొచ్చే ముక్క అదొక్కటే. మిగతాది నా సంతోషం కోసం చెప్తున్నాను.

ఆమెది కల్లూరు దగ్గర పుట్టిల్లు. మాటలో ఆ వైపు మెత్తదనం ఇంకా కొంచెం మిగిలి ఉండేది. పెళ్ళై ఈ అడవి అంచుకు వచ్చింది. కొంత మామిడి, కొంత జీడిమామిడి, మిగిలిన దాంట్లో పత్తి, నువ్వులు. తోటలోనే ఇల్లు. ఒకసారి మండలంలో ఆడవాళ్ళకు తేనెటీగల పెంపకం శిక్షణ ఇస్తున్నారని తెలిసి, అత్తను బతిమాలి వెళ్ళింది. వచ్చేటప్పుడు రెండు పెట్టెలతో వచ్చింది. చెట్ల తొర్రల్లో గూడు కట్టే చిన్న జాతి ఈగలవి. రెండు పెట్టెలు కొన్నాళ్ళకు నాలుగయ్యాయి. తేనె తీస్తే మొదట చుట్టుపక్కల పసిపిల్లల ఇళ్ళకే పోయేది. ఎవరికి దగ్గొచ్చినా, ఎవరికి ఒళ్ళు కాలినా ఆమె తలుపు తట్టేవాళ్ళు. కుట్టడం ఆమెకు లెక్కే కాదు. చేతి మీద కుడితే గోటితో ముల్లు గీకేసి పని చేసుకునేది. అన్నాళ్ళూ ఏమీ కాని ఒళ్ళు ఎందుకు ఎదురు తిరిగిందని అడిగితే, డాక్టరు "కొందరిలో అంతే అమ్మా. ఒళ్ళు ఓర్చుకుని ఓర్చుకుని ఒకరోజు ఇక నావల్ల కాదంటుంది" అన్నాడు.

ఇదంతా ఆమె మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు తెలిసింది. ముగ్గురూ వచ్చారు. డాక్టరు సూటిగా చెప్పాడు.

"ఇంకొకసారి కుడితే ఇంతకంటే గట్టిగా రావచ్చు. అప్పుడు మీరు ఇక్కడిదాకా వస్తారన్న నమ్మకం లేదు. పెట్టెల దగ్గరికి ఇక వెళ్ళకూడదు."

"తీసి పారేస్తం సారూ" అన్నాడు భర్త వెంటనే. అతనికి మొదటి నుంచీ ఆ పెట్టెలంటే గిట్టదు. చిన్నప్పుడు కట్టెలకు అడవిలోకి పోయి, పెద్ద తేనెటీగల బారిన పడి, వాగులో మునిగి బతికిన మనిషి. తోటలో పెట్టెలున్న మూలకు పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేవాడట.

"ఇయ్యాల్నే తీసేయ్" అంది అత్త.

ఆమె చీటీ తీసుకుని బయటికి వచ్చి చేతిపంపు దగ్గర మొహం కడుక్కుంటోంది. నేను ఇంజక్షన్ల గిన్నె కడగడానికి అటే వెళ్ళాను.

"ఎవరికన్నా ఇచ్చెయ్యరాదూ? మంచిగ చూసుకునేటోళ్ళకు" అన్నాను.

"అక్కా, ఆ ఇంట్ల పొలం మా మామ పేరు మీద. గొడ్లు మా ఆయనయి. కోళ్ళు మా అత్తయి. నా చీరె పెట్టె కూడా మా అత్త గదిలనే ఉంటది" అంది ఆమె, నీళ్ళు మొహం మీద నుంచి కారుతుండగానే. "ఈగలు ఒక్కటే నేను తెచ్చుకున్నయ్. ఊళ్ళె నన్ను ఫలానాయన పెండ్లాం అనేటోళ్ళు. ఇయ్యి వచ్చినంక తేనె వదినె అంటున్నరు. ఇచ్చేస్తే మళ్ళ ఫలానాయన పెండ్లాన్నే గద."

ఫిర్యాదు చేస్తున్నట్టు కూడా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టు చెప్పింది. భర్త పంపుకు అవతల మోటారు సైకిల్ మీద కూర్చుని ఉన్నాడు. విన్నాడో లేదో నాకు అంతుపట్టలేదు. తల ఎత్తలేదు.

వారం తిరక్కుండా అతను ఒక్కడే వచ్చాడు. ఓపీ అంతా అయిపోయేదాకా బెంచీ చివర కూర్చుని, డాక్టరు లేచి చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వచ్చాడు.

"సారూ, ఒక మాట. ఆ ఈగలు కుడితే అందరికీ గట్లనే అయితదా?"

"అందరికీ కాదు. నీకెప్పుడైనా కుట్టాయా?"

"చిన్నప్పుడు కుట్టినయ్ సారూ. ఒళ్ళంత కుట్టినయ్."

"అప్పుడు దద్దుర్లు, ఊపిరాడకపోవడం?"

"జ్వరమొచ్చింది. ఊపిరి మంచిగనే ఉండె. ఉరకనీకి ఉండె గద మరి."

డాక్టరు నవ్వాడు. "ఎందుకు అడుగుతున్నావు?"

అతను టవలు అటు తిప్పి ఇటు తిప్పి, "ఇంకా తీసెయ్యలే సారూ. ఎవరో ఒకలు చూసుకోవాలె గద" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. పంపు దగ్గరి మాట అతను విన్నాడని నాకు అప్పుడు తెలిసింది.

డాక్టరు వెంటనే ఒప్పుకోలేదు. పెట్టెలు ఇంటికి చాలా దూరం జరపాలన్నాడు. ఆమె ఉండే గది కిటికీకి దోమల జాలి కొట్టించమన్నాడు. పెట్టెలు తెరిచినప్పుడు వేసుకున్న బట్టలు ఆమె ఉతకకూడదన్నాడు. ఆ బట్టల మీద ముళ్ళు, విషం అంటుకుని ఉంటాయి కదా. అన్నిటికీ అతను "అవ్ సారూ" అన్నాడు. చివరగా, "ఇంట్లో ఇంజక్షను ఉండాలి. కుట్టిన వెంటనే ఇచ్చే మనిషి ఉండాలి. అది నువ్వే" అన్నప్పుడు మాత్రం అతని మొహం తెల్లబోయింది. తేనెటీగ ముల్లు కంటే సూదికే ఎక్కువ భయపడ్డాడు.

సూది వెయ్యడం నేర్పే పని నాకు పడింది. జామకాయతో మొదలుపెట్టాను. మొదటి రోజు సూదిని కాయకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "కండ్లు మూస్తే నీ చేతిల పొడుచుకుంటవ్" అన్నాను. రెండోసారి వచ్చినప్పుడు ఇంటి నుంచి తనే వంకాయలు తెచ్చాడు. ఆయమ్మ పక్కన నిలబడి, "గా వంకాయ బతికిందా, సచ్చిందా?" అని నవ్వుతుంటే సిగ్గుపడుతూ, అయినా వదలకుండా, పొడిచి పొడిచి నేర్చుకున్నాడు. చివరికి ఉత్త సెలైను నీళ్ళు తన తొడకు తనే వేసుకుని చూపించాడు. ఆ రోజు మా ఫార్మసిస్టు అతనికి తన చాయ్ ఇచ్చేశాడు. మందు గాజు బుడ్లు రెండు, సిరంజిలు ఒక డబ్బాలో పెట్టి పంపాం. మందు రంగు మారితే తెచ్చి మార్చుకోమని చెప్పాం. పై వాళ్ళు అడిగితే ఆ సంగతి తాను చూసుకుంటానన్నాడు డాక్టరు. ఎవరూ అడగలేదు.

అతను పెట్టెలు దూరం జరిపాడు, కిటికీకి జాలి కొట్టాడు. కానీ పెట్టె మూత తెరవలేదు. దూరం నుంచి నీళ్ళ పళ్ళెం పెట్టి పరుగెత్తుకు వచ్చేవాడని ఆమె నాతో చెప్పింది. మామిడి పూతకొచ్చేదాకా అలాగే గడిచింది.

నాకు బాగా గుర్తున్న రోజు అప్పుడే వచ్చింది. ఆ గూడేల వైపు పిల్లల టీకాలకు వెళ్ళి, మధ్యాహ్నం తిరిగొస్తూ, మందు రంగు చూసి పోదామని వాళ్ళ తోట దగ్గర ఆగాను. వాకిట్లో అత్త నిలబడి చేతులు ఊపుతోంది. ఎండలో తోట పైన నల్లటి పొగలా ఏదో సుడి తిరుగుతోంది. చెవులు నిండిపోయేంత మోత.

"లోపలికి రా సిస్టరమ్మా! ఈగలు లేచినయ్!"

లోపల గదిలో ఆమె జాలి కిటికీకి ముఖం ఆనించి నిలబడి ఉంది. తలుపు బయట నుంచి గొళ్ళెం పెట్టి ఉంది. అత్త చేసిన పని. పూతల కాలంలో ఈగలు బాగా పెరిగి పెట్టె చాలకపోతే పాత రాణి సగం ఈగలను వెంటేసుకుని కొత్త ఇల్లు వెతుక్కుంటూ లేచిపోతుందట. దారిలో ఏదో ఒక కొమ్మ మీద కాసేపు గుంపుగా వాలతాయి. అప్పుడు పట్టుకోవాలి. లేకపోతే అడవిలోకి పోయినట్టే.

గుంపు ఒక చిన్న మామిడి కొమ్మ మీద వాలింది. చూస్తుండగానే కొమ్మ కింద గుమ్మడికాయంత ముద్ద వేలాడింది. భర్త గొడ్లకొట్టం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె కుట్టుకున్న దోమతెర టోపీ అతని చేతిలో ఉంది.

"ఇగో, ఇనబడ్తుందా?" అని ఆమె కిటికీలోంచి కేకేసింది. "అవి ఇప్పుడు కుట్టవు. కడుపుల నిండ తేనె తాగి ఉన్నయ్. నువ్వు మెల్లగ పో."

"మెల్లగ పోతే కుట్టయా?"

"ఉరికితే కుడతయ్!"

అతను టోపీ పెట్టుకున్నాడు. చేతులకు గుడ్డలు చుట్టుకుని గంప అందుకున్నాడు. నాలుగు అడుగులు వేసి ఆగిపోయాడు. నేను సంచిలోంచి ఇంజక్షను డబ్బా తీసి పట్టుకుని ఆమె తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక్క ఈగ జాలి సందులోంచి దూరినా ఏమవుతుందోనని నా కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

"నాకు చాతకాదు" అన్నాడు అతను, అక్కడి నుంచే. గొంతు చిన్నపిల్లాడిలా ఉంది. "పోతే పోనీయ్. అడవి నుంచి వచ్చినయ్, అడవికి పోతయ్."

ఆమె జాలి మీద చెయ్యి ఆనించింది. తర్వాత, కేక వెయ్యకుండా, అతనికి వినపడేంత గొంతుతో, "నీ ఇష్టం. ఇంతవరకు పోయినవ్, అదే చానా" అంది.

తిట్టి ఉంటే అతను వెనక్కి వచ్చేసేవాడనుకుంటాను. ఆ మాటకు మాత్రం అతను కదిలాడు, ముందుకు. చెట్టు కిందికి వెళ్ళాడు.

"గంప బోర్లేయకు, ఎల్లకిల పట్టుకో. ముద్ద కిందికి తే. ఆ. ఇంకొంచెం పైకి. నీ తలకాయ పక్కకు పెట్టు. ఇప్పుడు కొమ్మ పట్టుకొని ఒక్కటే గుంజు."

గుంజాడు. ముద్ద దబ్బున గంపలో పడింది. కొన్ని లేచి అతని చుట్టూ సుడి తిరిగాయి.   అతను గంప వదల్లేదు.

"కొత్త పెట్టెల పొయ్యి. మెల్లగ, గింజలు పోసినట్టు. పాత పెట్టెల నుంచి పిల్లలున్న తుట్టె ఒకటి పెట్టినవా లేదా?"

"పెట్టలే!"

"ఇప్పుడు పెట్టు! పిల్లలను ఇడిసి ఎటూ పోవు."

పాత పెట్టె తెరవాలన్నమాట. ఇన్నాళ్ళు తెరవని మూత. అతను తెరిచాడు. ఒక్కొక్క తుట్టె చట్రం పైకి ఎత్తి, కిటికీ వైపు తిప్పి చూపిస్తూ, "ఇదా? ఇదా?" అని అడిగాడు. అంత దూరం నుంచి ఆమెకు కనపడదు, అయినా కళ్ళు చికిలించి, "రంగు చెప్పు. గదుల మీద గోధుమ రంగు మూతలున్నయా, తెల్లయా? తెల్లయైతే తేనె." అంది. "గోధుమ" అన్నాడు. "అదే" అంది.

మూత పెట్టి వెనక్కి వచ్చేటప్పుడు పరుగెత్తలేదు. వాకిట్లోకి వచ్చి టోపీ తీశాక చూస్తే ముక్కు కొస మీద కుట్టించుకుని ఉన్నాడు. టోపీ సరిగ్గా కట్టుకోలేదు. ముక్కు టమాటాలా ఉబ్బుతోంది. ముల్లు నేను గీకి తీశాను. ఊపిరి చూశాను, దద్దుర్లు చూశాను. ఏమీ లేదు.

"నొప్పి ఉందా?" అన్నాను.

"ఉంది సిస్టరమ్మా" అన్నాడు సంతోషంగా. "గింతేనా!"

అత్త అతన్ని కొట్టం వెనక్కి తరిమి, బట్టలు మార్చుకుని స్నానం చేసి వచ్చాకే గొళ్ళెం తీసింది. తీసి, కోడలి వైపు చూడకుండా, "నీ ఈగలు దొరికినయ్ గద. ఇగ అన్నం వండు" అంది. కానీ వంటింట్లోకి అత్తే నడిచింది.

కథ ఇక్కడ ఆగితే బాగుంటుందని మా వీధి అమ్మాయిలు అంటారు. కానీ తర్వాత కూడా కొంత ఉంది, అదీ చెప్పాలి. అతను నిజంగానే నేర్చుకున్నాడు. పెట్టెలు పెరిగాయి. శిక్షణ ఇచ్చినవాళ్ళు కొన్నాళ్ళకు తోట చూడటానికి వచ్చారు, కొత్తగా నేర్చుకునేవాళ్ళను కొందరిని వెంటబెట్టుకుని. నేనూ ఆ రోజు అనుకోకుండా అక్కడున్నాను. అందరూ పెట్టెల దగ్గర అతని చుట్టూ చేరారు. అతను చట్రాలు ఎత్తి చూపిస్తూ, చేతులు తిప్పుతూ, పుట్టినప్పటి నుంచి ఇదే పని చేసినట్టు చెబుతున్నాడు. ఫోటో తీశారు. "మీ తేనెటీగలు చాలా ఆరోగ్యంగా ఉన్నాయి" అన్నారు. అతను కాదనలేదు. పొగడ్త వింటూ నిలబడ్డాడు. ఆమె జాలి వెనక నుంచి చూస్తూ వాళ్ళకోసం మజ్జిగ కలుపుతోంది.

మజ్జిగ తాగడానికి వాళ్ళు వాకిట్లోకి వచ్చినప్పుడు, అరుగు మీద చింతపండు గింజలు తీస్తున్న అత్త తల ఎత్తకుండానే అంది. "ఫోటో తీసిన్రు మంచిగనే ఉంది. పెట్టెలు మాత్రం నా కోడలియి. వాడు పాలేరు."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఆ నవ్వులో నొచ్చుకున్నాడో లేదో చెప్పలేను. ఒకప్పుడు ఆ పెట్టెలను ఆ రోజే తీసి పారెయ్యమన్న మనిషి ఆ అత్త. ఆమె మనసు ఎప్పుడు మారిందో నేను అడగలేదు. ఆమె చెప్పే రకం కూడా కాదు.

తర్వాతి ఏడు నాకు కల్లూరు వైపు బదిలీ అయింది. డాక్టరు అప్పటికే పై చదువుకు వెళ్ళిపోయాడు. నేను వెళ్ళే ముందు మందు డబ్బా ఒకసారి చూసి, కొత్త సిస్టర్ సంగతి చెప్పి పోదామని తోటకు వెళ్ళాను. ఆమె చాయ్ పెట్టింది. కిటికీ పక్కన కూర్చున్నాం. జాలి అవతల మామిడి చెట్ల మధ్య అతను వంగి పని చేసుకుంటున్నాడు.

"ఎట్లుంది నీకు? దూరం నుంచి చూస్తా ఉంటే?" అని అడిగాను. చాలా రోజులుగా అడగాలనుకున్న మాట.

ఆమె గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చుంది. "బాధనే అక్కా. అబద్ధమెందుకు. మూత తీసినప్పుడు వచ్చే వాసన ఉంటది సూడు, వెచ్చగ. అది యాదికొస్తే చేతులు గుంజుతయ్. కొన్ని దినాలు ఆయన మీద కోపం గూడ వస్తది. నావి తీసుకున్నడని." అని నవ్వింది. "కానీ పెండ్లయిన కాన్నుంచి ఈ మనిషి నాతోని ఏం మాట్లాడిండక్కా? అన్నమైందా, నీళ్ళు తోడినవా, గంతే. ఇప్పుడు సాయంత్రం వచ్చి కూసోని, ఏ పెట్టెల ఏమున్నదో, ఎన్ని గుడ్లు పెట్టిందో, ఎవరితోని ఎవరు కొట్లాడుతున్నరో అన్నీ చెప్తడు. మధ్యల నేను నిద్రపోతే లేపి చెప్తడు."

నేను ఏదో అనబోయాను. అప్పుడే తోటలోంచి అతని కేక వినిపించింది.

"ఓయ్! మూడో పెట్టెల కొత్త రాణి వచ్చింది!"

ఆమె గ్లాసు కింద పెట్టి కిటికీ మీద పడింది. "ఎట్లుంది? నల్లగుందా, ఎర్రగుందా?"

"ఎర్రగ! పొడుగ్గ!"

"నడుస్తుందా? రెక్కలు మంచిగున్నయా? సరిగ్గ చూసి చెప్పు!"

అతను చెబుతున్నాడు, ఆమె అడుగుతోంది. నేను చాయ్ తాగడం ముగించి, డబ్బా అత్త చేతికిచ్చి, "పోయొస్తనమ్మా" అన్నాను. అత్త గేటుదాకా వచ్చింది. వాళ్ళిద్దరిలో ఎవరూ నేను వెళ్ళడం గమనించలేదు.